ట్రస్టు: నమ్మకం, అప్పగింత, లెక్క

ఇంగ్లీషులో రోజువారీగా వినిపించే మాటల్లో ‘ట్రస్ట్’ ఒకటి. తెలుగులోకి అది రెండు దారుల్లో వచ్చింది. ఒక దారిలో నమ్మకం, విశ్వాసం, భరోసా అనే పాత మాటల్లో కలిసిపోయింది. రెండో దారిలో ఏ మార్పూ లేకుండా ‘ట్రస్టు’గానే స్థిరపడింది. చట్టసభలో ప్రభుత్వం నెగ్గవలసిన ఓటింగును పత్రికలు విశ్వాస పరీక్ష అంటాయి. అప్పగించిన సొమ్మును సొంతానికి వాడుకొన్నవాడిపై పోలీసులు నమోదు చేసే నేరం నమ్మకద్రోహం. ఊళ్లో కంటి ఆసుపత్రినో కల్యాణ మండపాన్నో నడిపే సంస్థ మాత్రం ట్రస్టు. భార్యాభర్తల మధ్య ఉండే భరోసాకూ, రిజిస్ట్రారు కార్యాలయంలో ముద్ర పడిన దస్తావేజుకూ ఒకే మాట సరిపోవడం పైకి యాదృచ్ఛికంగా కనిపించినా, ఈ వాడుకలన్నింటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే: తనది కాని వస్తువును చేతిలో ఉంచుకొన్న మనిషికీ, ఆ వస్తువును ఇచ్చినవాడికీ, అది ఎవరి మేలు కోసమో ఆ మూడో వ్యక్తికీ నడుమ ఉన్న సంబంధం ఎటువంటిది? ఆ మూడో వ్యక్తి మనిషిగాక దేవుడైనప్పుడు ఈ ప్రశ్న న్యాయశాస్త్రాన్ని దాటి మతతత్త్వంలోకి అడుగుపెడుతుంది.

ఈ మాట అత్యధికంగా వినిపించే చోట్లలో తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ ఒకటి. వికాస్ మార్గ్ పొడవునా, మెట్రో స్టేషను చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో, చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే కేంద్రాల బోర్డులు ఒకదానిపై ఒకటి పడి కనిపిస్తాయి. అద్దె గదులు, జెరాక్స్ దుకాణాలు, పాత పుస్తకాల కొట్లు వాటి నీడలోనే బతుకుతాయి. అక్కడి తరగతి గదుల్లో ట్రస్టు అంటే ఆదాయపు పన్ను పాఠంలో ఒక అధ్యాయం. దానధర్మాలకు చెందిన ఆస్తి నుంచి వచ్చే ఆదాయంలో 85 శాతాన్ని ఆ ప్రయోజనానికే ఖర్చు చేయాలనీ, 15 శాతాన్ని మాత్రం నిలవ పెట్టుకోవచ్చుననీ, ట్రస్టీకిగాని అతని బంధువులకుగాని ఆ సొమ్ము వల్ల లాభం కలిగితే మినహాయింపు పోతుందనీ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ఆధారంగా అక్కడ దశాబ్దాలుగా బోధించారు. 2025లో కొత్త చట్టం వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయిగాని పాఠం స్వభావం మారలేదు. ధనదేవత పేరు పెట్టుకొన్న ఈ పేటకు కొద్ది దూరంలోనే విశ్వాస్ నగర్ అనే మరో పేట ఉండడం, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు చెందిన ఉత్తర భారత ప్రాంతీయ మండలి కార్యాలయం ఆ విశ్వాస్ నగర్‌లోనే ఉండడం పట్టణ ప్రణాళికలో ఎవరూ ఉద్దేశించని చమత్కారం. 1949లో ఏర్పడిన ఆ సంస్థ చిహ్నంలో గరుడ పక్షి, దాని చుట్టూ కఠోపనిషత్తు వాక్యం ఉన్నాయి. అందరూ నిద్రిస్తుండగా మేల్కొని ఉండే పురుషుణ్ణి గురించిన ఆ వాక్యాన్ని ఉపనిషత్తు బ్రహ్మపరంగా చెబితే, లెక్కలు తనిఖీ చేసేవారు తమ వృత్తిధర్మంగా స్వీకరించారు. విశ్వాసానికీ తనిఖీకీ చుట్టరికం ఉందని ఒప్పుకొన్న ఆధునిక చిహ్నాల్లో ఇంతకంటే నిజాయతీ గలది కనిపించదు.

ట్రస్టు అనే న్యాయభావన ఇంగ్లండులో మతసంబంధమైన ఇబ్బందుల నడుమ పెరిగింది. మధ్యయుగాల్లో భూమిని ఒకరి పేర రాసి, దాని ఫలం మరొకరికి అందేలా చేసే ఏర్పాటును ‘యూజ్’ అనేవారు. ‘వాడుక’ అని దాని అర్థం. ఆస్తి కలిగి ఉండరాదని వ్రతం పట్టిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు ఇల్లూ వాకిలీ సమకూర్చడానికి ఈ ఏర్పాటు ఉపకరించింది; వారు ఉంటారు, తింటారు, కాని యజమానులు కారు. యాజమాన్యాన్ని వాడుక నుంచి ఇలా వేరు చేయడం సాధ్యమేనా అన్న విషయమై పెద్ద వివాదం రేగింది. 1279లో మూడో నికొలస్ పోపు సన్యాసుల ఆస్తికి తమ పీఠమే యజమాని అని అంగీకరించగా, 1322లో ఇరవై రెండో జాన్ పోపు ఆ అంగీకారాన్ని వెనక్కి తీసుకొని, తింటే అయిపోయే రొట్టె విషయంలో వాడుక వేరు, యాజమాన్యం వేరు అనడం అర్థరహితమని వాదించాడు. న్యాయస్థానాల్లో మాత్రం ఆ విభజన నిలిచింది. చట్టం దృష్టిలో యజమాని అయినవాడు తన మనస్సాక్షికి కట్టుబడి ఉండాలని ఛాన్సలర్ న్యాయస్థానం శాసించింది. ఆ తొలి ఛాన్సలర్లలో ఎక్కువమంది మతాచార్యులే. క్రమంగా ఒకే ఆస్తికి ఇద్దరు యజమానులు ఏర్పడ్డారు: కాగితం మీద ట్రస్టీ, ఫలానికి లబ్ధిదారు.

ఈ భావనను భారతదేశానికి తెచ్చిన 1882 నాటి ట్రస్టుల చట్టం దాన్ని నిర్వచించిన తీరు గమనించదగినది. యాజమాన్యానికి అంటిపెట్టుకొని ఉండే ఒక బాధ్యతగా, ఒకరు ఉంచిన నమ్మకాన్ని మరొకరు ఒప్పుకోవడం వల్ల పుట్టిన బాధ్యతగా ట్రస్టును ఆ చట్టం వర్ణించింది. నమ్మకం మనసులోని భావంగా ఆగిపోకుండా, రెండో వ్యక్తి సమ్మతితో, కోర్టులో అడగదగిన బాధ్యతగా మారుతుందన్నమాట. అదే చట్టం మత, ధర్మ సంస్థల దేవదాయాలకు తన నియమాలు వర్తించవని తొలి సెక్షనులోనే చెప్పి తప్పుకొంది. అదే 1882లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలు తమ వాటాలన్నింటినీ కొద్దిమంది ట్రస్టీల చేతుల్లో పెట్టి గుత్తాధిపత్యానికి ట్రస్టు పేరు తగిలించాయి. ఆ తరువాత గుత్తసంస్థలకు వ్యతిరేకంగా వచ్చిన చట్టాలకు ‘యాంటీ ట్రస్ట్’ అని పేరు పడింది. మాట చరిత్ర తెలియనివారికి అది నమ్మకానికే వ్యతిరేకంగా చేసిన చట్టంగా వినిపించవచ్చు.

మత సంస్థలను చట్టం వదిలేసినా న్యాయవాదులు వదలలేదు. మఠాధిపతీ ధర్మకర్తా ఇంగ్లీషు అర్థంలో ట్రస్టీలేనా అన్న ప్రశ్న మద్రాసు రాజధానికి చెందిన ఒక మఠం వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది. 1921లో సయ్యద్ అమీర్ అలీ ఇచ్చిన తీర్పు, ఇంగ్లీషు చట్టం ఎరిగిన ట్రస్టు హిందూ ధర్మవ్యవస్థకుగాని ముస్లిం వక్ఫుకుగాని తెలియదని స్పష్టం చేసింది. దేవుడికిచ్చిన భూమికి దేవుడే యజమాని. మఠాధిపతిగాని ధర్మకర్తగాని నిర్వాహకుడు మాత్రమే. ట్రస్టులో ఆస్తి ట్రస్టీ పేర ఉంటుంది, దేవదాయంలో ఆ పేరు కూడా దేవుడిదే. వాడుకలో ఈ భేదం చెరిగిపోయి, తిరుమల ధర్మకర్తల మండలిని తెలుగు పత్రికలు ట్రస్టు బోర్డు అని కూడా రాస్తుంటాయి.

దేవుడు ఆస్తికి యజమాని అన్న మాటను ఆధునికులు కోర్టుల కల్పనగా భావిస్తారుగాని, ఆ వాదం భారతీయ దర్శనాల్లో చాలా పాతది, పైగా దాన్ని తీవ్రంగా ఖండించినవారు వైదికులే. వేదవిధుల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రమైన మీమాంసలో జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు, తొమ్మిదో అధ్యాయంలో దేవతల స్వరూపాన్ని చర్చిస్తూ, దేవతకు శరీరం లేదనీ, దేవత భుజించదనీ, ‘దేవుడి ఊరు’, ‘దేవుడి పొలం’ అనే మాటలు ఉపచారంగా అనేవే తప్ప నిజం కావనీ చెప్పాడు. ఉపచారం అంటే ముఖ్యార్థం పొసగనప్పుడు దగ్గరి సంబంధాన్ని బట్టి చేసే గౌణ ప్రయోగం. ఇష్టం వచ్చినట్టు వినియోగించగలవాడే యజమాని. దేవత ఊరినిగాని పొలాన్నిగాని అలా వినియోగించదు. కనుక దేవత యజమాని కాదని అతని తర్కం. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వాడుకొంటూ యజమానులం కామన్నారు. శబరుడి దేవత వాడుకోలేదు గనుక యజమాని కాలేదు. ఒకరితో ఒకరికి పరిచయం లేని ఈ ఇద్దరూ తేల్చవలసి వచ్చిన చిక్కు మాత్రం ఒకటే, అనుభవించడానికీ యాజమాన్యానికీ సంబంధం అవశ్యమా అన్నది.

బాదరాయణుడి బ్రహ్మసూత్రాల్లోని దేవతాధికరణం దేవతలకు విగ్రహం, అంటే శరీరం, ఉందని ఒప్పుకొని మీమాంసకులతో విభేదించింది. ఆలయాలను నడిపే ఆగమ సంప్రదాయాలు ఇంకా ముందుకు పోయి, గర్భగుడిలోని మూర్తి మేల్కొంటుందనీ, స్నానం చేస్తుందనీ, ఆరగిస్తుందనీ, పవళిస్తుందనీ నమ్మి ఆ క్రమంలోనే దినచర్యను నిర్మించాయి. వింత ఏమిటంటే, ఇరవయ్యో శతాబ్దపు న్యాయస్థానాలు ఈ రెండు పక్షాలకూ చెరి సగం ఇచ్చాయి. దేవుడు చట్టం దృష్టిలో వ్యక్తి. దావా వేయగలడు, దావాలో ప్రతివాది కాగలడు. 1969లో యోగేంద్రనాథ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు దేవతామూర్తిని ఆదాయపు పన్ను చట్టంలోని ‘వ్యక్తి’ కోవలోకి చేర్చి పన్ను వేయవచ్చునని కూడా తీర్పు చెప్పింది. లక్ష్మీ నగర్ విద్యార్థుల సబ్జెక్టు ఇక్కడ దైవశాస్త్రంతో నేరుగా ఢీకొంటుంది. అయితే ఆ వ్యక్తి తన వ్యవహారాలు తాను చూసుకోలేడు గనుక న్యాయస్థానాలు అతణ్ణి ఎన్నటికీ మైనారిటీ తీరని మైనరుతో పోల్చాయి. 2019 నవంబరు 9న అయోధ్య వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు దేవతామూర్తికి గల న్యాయవ్యక్తిత్వాన్ని దాత పవిత్ర సంకల్పంతో ముడిపెట్టి వివరించి, జన్మస్థానమైన భూమికి మాత్రం ఆ వ్యక్తిత్వాన్ని నిరాకరించింది. చివరకు ఆలయ నిర్మాణానికి ఒక ట్రస్టునే ఏర్పాటు చేయమంది. శబరుడు వింటే తన ఉపచారవాదాన్ని కోర్టు దొడ్డిదారిన ఒప్పుకొందని సంతోషించేవాడేమో. భక్తుడికి మాత్రం ఇందులో మింగుడుపడని విషయం ఒకటుంది. అతను రక్షకుడని చేతులు జోడించే స్వామి, చట్టం కంటికి సంరక్షకుడు అవసరమైన పసివాడు.

తిరుమల చరిత్రలో ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. అక్కడి శాసనాలు అప్పగింతను ఎలా భావించాయో చూస్తే, ఇంగ్లీషు ట్రస్టుకు సమానమైన పని అంతకుముందే మరో పద్ధతిలో జరిగేదని తెలుస్తుంది. దాత శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో, సొమ్ము జమ చేసేవాడు; ఆ సొమ్మును దేవుడి గ్రామాల్లో చెరువులూ కాలువలూ బాగుచేయడానికి వెచ్చించి, పెరిగిన పంట నుంచి దాత కోరిన నైవేద్యాన్ని శాశ్వతంగా జరిపిస్తామని స్థానత్తార్లు, అంటే ఆలయ నిర్వాహకుల సంఘం, రాతిమీద ఒప్పుకొనేవారు. నైవేద్యమైన ప్రసాదంలో దాతకు ఒక వంతు వాటా ఉండేది, అది వంశపారంపర్యంగా వచ్చేది. ఒప్పందం చివర, ఇది శ్రీవైష్ణవుల రక్షణలో ఉండుగాక అని చెక్కేవారు. దేవుడి ఆస్తికి భక్తసమాజమే కాపలా అన్నమాట. తెలుగు నేలపై మరెన్నో దాన శాసనాలు ఇంకొక కాపలాను చేర్చాయి: తాను ఇచ్చిన భూమినైనా, పరులు ఇచ్చిన భూమినైనా అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఈ శాపాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు, ‘తాను ఇచ్చిన భూమినైనా’ అనే మొదటి షరతును గమనించాలి. దాతే దొంగ కాగలడని శాసనకర్తలు ఎరిగి ఉన్నారు. ఇచ్చిన తరువాత కూడా చేయి వెనక్కి పోతుందన్న అనుమానం ఆ భక్తిలోనే కలిసి ఉంది.

ఈస్టిండియా కంపెనీ పందొమ్మిదో శతాబ్ది ఆరంభం నుంచి తిరుమల ఆలయాన్ని నేరుగా నిర్వహించింది. 1821 నాటి బ్రూస్ నిబంధనావళి ఏ సేవ ఎప్పుడు, ఎవరి పని ఏది అన్నదాన్ని అక్షరబద్ధం చేసింది. విగ్రహారాధనను క్రైస్తవ ప్రభుత్వం నడపడమేమిటని ఇంగ్లండులో అభ్యంతరం పెరిగిన తరువాత, 1843లో కంపెనీ ఆలయాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1933లో మద్రాసు ప్రభుత్వ చట్టం ద్వారా దేవస్థానం కమిటీ చేతికి వచ్చింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం రాష్ట్రంలో వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్నే రద్దు చేసింది. ఈ మార్పులన్నింటిలోనూ దేవుడి యాజమాన్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. ప్రతిసారీ మారింది కాపలాదారు ఒక్కడే.

హుండీ విషయంలో ఈ కథ మరింత సూక్ష్మమవుతుంది. తిరుమల ఆలయంలో హుండీ అంటే తిరునామం, శంఖచక్రాలు ముద్రించిన తెల్లటి గుడ్డ సంచి వేలాడదీసిన పెద్ద పాత్ర. దాన్ని కొప్పెర అంటారు. భక్తుడు చేతిని గుడ్డ లోపలికి చాచి విడిచిన నోటు ఎంతదో పక్కన నిలబడినవాడికి తెలియదు, రసీదు ఉండదు, పేరు ఉండదు. ఆ సొమ్మును లెక్కించే చోటు పరకామణి. అక్కడ కూర్చొని నోట్లు వేరుచేసేవారు జేబులు లేని బట్టలతో, నిఘా కింద పనిచేస్తారు, వారిలో సేవగా వచ్చే భక్తులూ ఉంటారు. ఇచ్చేచోట సంపూర్ణమైన అజ్ఞాతం, లెక్కించేచోట సంపూర్ణమైన అనుమానం. ధర్మశాస్త్రాలు గుప్తదానాన్ని ఉత్తమ దానాల్లో చేర్చాయి. పేరు లేని విరాళాన్ని ఆదాయపు పన్ను చట్టం మాత్రం నల్లధనానికి ముసుగుగా అనుమానించి, 2006లో తెచ్చిన నిబంధనతో అటువంటి మొత్తంపై ఒక హద్దు దాటాక 30 శాతం పన్ను విధించింది. పూర్తిగా మతపరమైన సంస్థలను మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించింది. హుండీలో వేసేవాడి పేరు అడగడం కుదరదని చట్టం ఒప్పుకోవలసి వచ్చింది. శిక్షణ తరగతుల్లో ఒక మినహాయింపుగా కంఠస్థం చేసే ఈ వాక్యం నిజానికి దానం అంటే ఏమిటన్న విషయమై రెండు నాగరికతల మధ్య కుదిరిన రాజీ.

అంతకన్నా ఆసక్తికరమైనది హుండీ వెనుక ఉన్న స్థలపురాణం. భృగువు కాలితో తన్నిన అవమానానికి లక్ష్మి అలిగి వైకుంఠం విడిచిపోగా, ధనహీనుడైన స్వామి పద్మావతితో పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, బ్రహ్మ, శివుడు సాక్షులుగా పత్రం రాసిచ్చాడనీ, కలియుగాంతం వరకు వడ్డీ చెల్లిస్తూనే ఉంటాడనీ ఆ కథ చెబుతుంది. వడ్డికాసులవాడన్న పేరు దీనితోనే ముడిపడింది. సర్వలోకేశ్వరుణ్ణి పత్రం రాసిచ్చిన రుణగ్రస్తుడిగా ఊహించిన ఈ సాహసాన్ని జానపదుల అమాయకత్వంగా తీసిపారేయడం తొందరపాటు. నమ్మకం ఉన్నచోట పత్రం ఎందుకన్న ప్రశ్న ఈ కథకు తోచనే తోచదు. దేవతల మధ్య జరిగిన వ్యవహారమైనా సాక్షులుండాలి, వడ్డీ లెక్క తేలాలి. విశ్వాసాన్నీ లెక్కనూ శత్రువులుగా చూసే అలవాటు తెలుగు భక్తి ఊహలో కనిపించదు. ఆ అలవాటును తరువాతి కాలపు ఉపన్యాసకులు దానికి అంటగట్టారు.

విశ్వాసం, అప్పగింత అనే రెండర్థాలు సిద్ధాంతస్థాయిలో కలుసుకొన్నది శ్రీవైష్ణవంలోని శరణాగతి తత్త్వంలో. శరణాగతికి న్యాసమని, నిక్షేపమని కూడా పేర్లున్నాయి. ఈ రెండూ ధర్మశాస్త్రాల్లో సొమ్ము దాచుకోవడానికి ఒకరి దగ్గర ఉంచడాన్ని చెప్పే వ్యవహార పదాలు. మనుస్మృతి లెక్కించిన 18 వివాద విషయాల్లో రుణం తరువాత నిక్షేపమే వస్తుంది. ఢిల్లీలో హిందీ బోర్డుల మీద ట్రస్టుకు బదులుగా కనిపించే మాట కూడా న్యాస్. వేదాంత దేశికులు శరణాగతిని సమర్థిస్తూ రాసిన గ్రంథానికి నిక్షేపరక్ష అని పేరు పెట్టారు. ఆత్మను కాపాడే భారాన్ని భగవంతుడి దగ్గర దాచిపెట్టడమే శరణాగతి అని ఆ సంప్రదాయం భావం. ఆ అప్పగింతకు ఐదు అంగాలు చెప్పారు: అనుకూలంగా నడుచుకొంటానన్న సంకల్పం, ప్రతికూలమైనది వదలడం, తన నిస్సహాయతను గుర్తించడం, రక్షకుడివి కమ్మని వరించడం, తప్పక రక్షిస్తాడన్న మహావిశ్వాసం. ఇంగ్లీషులో ఒక్క మాటలో చుట్టుకొని ఉన్న రెండర్థాల్లో ఒకటి ఇక్కడ అంగి, మరొకటి అంగం. అంటే అప్పగింత ప్రధానమైన క్రియ, విశ్వాసం దానికి సాయపడే భాగం. లక్ష్మికి కూడా ఇందులో స్థానముంది. అపరాధి తరఫున స్వామికి నచ్చజెప్పే పురుషకారం, అంటే మధ్యవర్తిత్వం, ఆమెది. ఈ సంప్రదాయంలో ఆమె ఐశ్వర్యాధిదేవత కావడానికంటే ముందు సిఫారసు చేసే తల్లి.

అసలు మెలిక దీని తరువాత ఉంది. ఇంగ్లీషు ట్రస్టులో ఇచ్చేవాడు మొదట యజమాని. తన స్వాధీనంలో ఉన్నదాన్ని మరొకరికి నమ్మి ఇస్తాడు. రామానుజ దర్శనంలో జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. శేషుడు అంటే మరొకరి కోసమే ఉన్నవాడు, ఒక విధంగా మరొకరి సొత్తు. జీవుడు తనను తాను తనవాడినని అనుకోవడాన్ని ఆ సంప్రదాయం ఆత్మాపహారం అని పిలుస్తుంది. ప్రభువు ఆస్తిని దొంగిలించడమన్నమాట. కనుక శరణాగతిలో జరిగేది దానం కాదు, చేతిలో ఉంచుకొని సొంతం చేసుకొన్న సొమ్మును యజమానికి తిరిగి ఒప్పజెప్పడం. పెళ్లిలో పాలలో ముంచిన పిల్ల చేతులను అత్తవారి చేతుల్లో పెట్టే అప్పగింతల వేళ తండ్రి దుఃఖించడంలో న్యాయముంది, ఎందుకంటే ఇచ్చినది తన కన్నబిడ్డను. ఆత్మను అప్పగించేవాడికి ఆ దుఃఖానికిగాని, ఆ గొప్పకుగాని అధికారం లేదు. శాసనకర్తల శాపం తానిచ్చినదాన్ని తానే అపహరించేవాడిని ఎందుకు ముందుగా పేర్కొందో ఈ కోణంలో మరింత బాగా బోధపడుతుంది.

గాంధీజీ ట్రస్టీ భావన దీనికి దగ్గరి బంధువు. లండనులో న్యాయవిద్యార్థిగా ఈక్విటీ గ్రంథం చదివిన ఆయన, అపరిగ్రహాన్ని బోధించే గీత వెలుగులో ట్రస్టీ అనే మాట అర్థం తనకు స్పష్టమైందని ఆత్మకథలో చెప్పారు. సంపన్నుడు తన సంపదకు యజమానిగాక సమాజం తరఫున ధర్మకర్తగా ఉండాలన్న ఆ ఆదర్శం 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో భూమి రూపం దాల్చింది. వినోబా భావే సభలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానోద్యమం మొదలైంది. ఆదర్శం గొప్పదే. అయితే ట్రస్టీని లెక్క అడిగే హక్కు ఎవరిదో గాంధీజీ చెప్పినంత మృదువుగా చెబితే ఛాన్సలర్ న్యాయస్థానం ఒప్పుకొనేది కాదు. మనస్సాక్షికి కట్టుబడమన్న ఆ న్యాయస్థానమే, కట్టుబడనివాడిని చెరసాలకు పంపే అధికారాన్ని కూడా తన దగ్గర ఉంచుకొంది.

చెరసాల ప్రస్తావన వచ్చాక తెలుగువారికి గుర్తుకురావలసిన పేరు కంచర్ల గోపన్న. నేలకొండపల్లికి చెందిన అతను గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో, అంటే 1672కూ 1687కూ మధ్య, పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉంటూ, వసూలైన శిస్తును భద్రాచలంలో రామాలయానికి ఖర్చు చేసి ఖైదయ్యాడన్నది తరతరాల కథనం. ట్రస్టు అనే మాటలోని రెండర్థాలు ఒకే మనిషిలో ఇంత సూటిగా ఎదురుపడిన సందర్భం మరొకటి దొరకదు. రాముడిపై అతని విశ్వాసం అచంచలమైనది. సుల్తాను అతనిపై ఉంచిన విశ్వాసం మాత్రం భంగమైంది. ప్రభుత్వోద్యోగి అప్పగించిన సొమ్మును వేరుగా వాడితే 1860 నాటి శిక్షాస్మృతి 409వ సెక్షను కిందా, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షను కిందా పడే నేరమే అది. సొమ్ము గుడికి పోయిందన్న జవాబు దానిలోని అప్పగింత భంగాన్ని చెరిపివేయదు.

భక్తులు ఈ కథను రాముడి దయకు నిదర్శనంగా చెప్పుకొంటారు, అందులో తప్పులేదు. కాని కథ ఈ చిక్కును ఎలా విప్పిందో దగ్గరగా చూడాలి. భక్తుణ్ణి విడిపించాలంటే రాముడు చెరసాల గోడలు కూల్చవచ్చు, సుల్తానును కలలో భయపెట్టవచ్చు, సొమ్మంతా తనదే గనుక బాకీయే లేదని వాదించవచ్చు; సర్వమూ భగవంతుడి సొత్తని చెప్పే సిద్ధాంతానికి ఆ వాదం సరిగ్గా సరిపోయేది కూడా. కథ వీటిలో దేనినీ ఎంచుకోలేదు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో రాత్రివేళ తానీషా దగ్గరకు వెళ్లి, ఆరు లక్షల బాకీని పూర్తిగా చెల్లించి, రసీదు పుచ్చుకొని, దాన్ని ఖైదీ దగ్గర ఉంచి వచ్చారు. సుల్తాను హక్కును దేవుడే ఒప్పుకొన్నాడు. తగ్గింపు అడగలేదు, వాయిదా కోరలేదు. భక్తి ఎంత గొప్పదైనా అప్పగించినవాడికి చెప్పవలసిన లెక్కను అది రద్దు చేయదనీ, ఆ లెక్క తీర్చడంలో సాయం మాత్రమే చేయగలదనీ ఈ రసీదు చెబుతోంది. కుబేరుడికి పత్రం రాసిచ్చిన స్వామి, తానీషా దగ్గర చెల్లుచీటి తీసుకొన్న స్వామి ఒకే ఊహాలోకానికి చెందినవారు.

కథ చెప్పని పక్షం ఒకటుంది. ఆ శిస్తు ఎవరి పొలాల నుంచి వచ్చిందో ఆ పాల్వంచ రైతులు. సుల్తానుకు బాకీ తీరింది, రాముడికి గుడి వచ్చింది, గోపన్న రామదాసయ్యాడు. ట్రస్టు పరిభాషలో చెప్పాలంటే అసలు లబ్ధిదారులు ఎవరన్నది తేలలేదు. శిస్తు రాజుదే అన్న కాలంలో ఆ ప్రశ్న పుట్టే వీలు లేదు నిజమే, అయినా ఈనాడు ప్రజాధనం అనే భావనతో ఆ కథను చదివేవారు దాన్ని అడగకుండా ఉండలేరు. గోల్కొండ కోటలో రామదాసు బందీఖానాగా చూపే గదిలో, గోడమీద అతను చెక్కినవిగా చెప్పే సీతారామలక్ష్మణుల రూపాలకు యాత్రికులు నేటికీ మొక్కుకొంటారు. ఏటా శ్రీరామనవమికి తెలంగాణ ప్రభుత్వం భద్రాద్రి కల్యాణానికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. ఆ ఆచారాన్ని తానీషా ప్రారంభించాడని ప్రతీతి. ఇక ఆస్తి మాటకు వస్తే, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, స్వామివారి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. అక్కడి ఆక్రమణల వివాదంలో యజమాని ఒక రాష్ట్రంలోనూ పొలం మరో రాష్ట్రంలోనూ ఉన్నాయి; చట్టం కంటికి ఎన్నటికీ మైనరైన ఆ యజమాని తరఫున దేవస్థానం కార్యనిర్వహణాధికారి సరిహద్దు దాటి వెళ్లి హక్కు చెప్పుకోవలసి వస్తోంది.